కాంజికుండలో నీలం చుక్కలు

మా అన్నయ్య వాళ్ళు చికిటిలో ఉంటారు. నేను బరంపురంలో ఒక కాలేజీలో సూక్ష్మజీవుల పాఠాలు చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఆదివారం వస్తే నేను వెళ్ళే ఇల్లు అదొక్కటే. మా వదిన వండి పెడుతుంది, నేను తిని వంకలు పెడతాను, ఆవిడ మూతి ముడుచుకుంటుంది, సాయంత్రం బస్సెక్కే వేళకి ఇద్దరం సర్దుకుంటాం. ఏళ్ళ తరబడి ఇలాగే గడిచింది.

వాళ్ళ వంటింట్లో పొయ్యికి ఎడంగా, వెలుతురు తగలని మూల ఒక మట్టికుండ ఉండేది. దాన్ని కాంజికుండ అనేవాళ్ళం. గంజినీళ్ళు పోసి, ఉప్పు వేసి, ముల్లంగి ముక్కలు, గుమ్మడి ముక్కలు, వానాకాలమైతే సంతలో కొన్న లేత వెదురుకొమ్ముల తరుగు అందులో వేసి, మూతికి గుడ్డ కట్టి వదిలేస్తారు. బాగా పులిశాక ఆవాలు, వెల్లుల్లి తాలింపు పెడితే అన్నంలోకి పులుసు. కుండని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యకూడదు. అడుగున మిగిల్చిందే తరువాతి దానికి తోడు. తోడు పెట్టే ఆ పద్ధతి మా వదినకి మా అమ్మ చేతి మీదుగా వచ్చింది. కుండ వాసన వీధి గుమ్మం దాకా కొట్టేది. నేను ఆ వాసనని తిట్టని ఆదివారం లేదు, ఆ పులుసు రెండోసారి వేయించుకోని ఆదివారమూ లేదు.

ఆ ఏడు మా ఎం.ఎస్సీ. అమ్మాయి ఒకతె పులిసిన కూరగాయల్లో ఉండే బాక్టీరియా మీద ప్రాజెక్టు ఎత్తుకుంది. పాలలో ఉండే చక్కెరని అరిగించే ఎంజైము వాటికి ఉందా, ఆ ఎంజైముని తయారుచేసే జన్యువు ఉందా అన్నది తన ప్రశ్న. నమూనాలు ఎక్కడ దొరుకుతాయి మేడమ్ అని నా వెంట పడితే, విసుగెత్తి ఒక ఆదివారం వదిన కుండలోంచి సీసాడు నీళ్ళు తెచ్చి ఇచ్చాను. పరీక్ష సులువైనదే. బాక్టీరియా పెరిగే పళ్ళెంలో ఒక రకం రంగు కలుపుతాం. ఆ ఎంజైము ఉన్నవి నీలం చుక్కలుగా పెరుగుతాయి, లేనివి తెల్లగా ఉండిపోతాయి. రెండు రోజులకి పళ్ళెం నిండా తెల్లటి చుక్కలు, వాటి మధ్య అక్కడక్కడ చిన్న చిన్న నీలం చుక్కలు కనిపించాయి. వాటిని విడదీసి చూస్తే జన్యువూ ఉంది. ఆ అమ్మాయి సంతోషం చూడాలి, ఆ రోజు లాబు అందరికీ జిలేబీ తెచ్చింది.

నాకు మాత్రం ఆ నీలం అంత ముద్దు రాలేదు. ముల్లంగి మీద, వెదురు మీద బతికే జీవికి పాలచక్కెరతో ఏం పని? పాలు ఏనాడూ కొనని ఇంట్లో పాలగిన్నె కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. బాక్టీరియా ఒకదానినుంచి ఒకటి జన్యువులు తెచ్చుకుంటాయి, అవసరం ఉన్నా లేకపోయినా దాచుకుంటాయి. ఎవరి దగ్గర తెచ్చుకున్నాయో మనకి చెప్పవు. అవి మంచి బాక్టీరియానే, మనుషులు ఎప్పటినుంచో తింటున్నవే. అయినా నేను ఆ పళ్ళేన్ని చాలాసేపు వెలుతురుకెత్తి చూశాను. మా ఇంట్లో నాకు అనుమానపు పక్షి అని ఊరికే పేరు రాలేదు.

ఆ రోజుల్లోనే అన్నయ్య మనవడికి జబ్బు చేసింది. ఇంకా ఏడాది నిండని పిల్లవాడు. వానలు మొదలవగానే విరేచనాలు పట్టుకున్నాయి. అవి తగ్గాయి గాని, ఆ తరువాత పాలు తాగితే చాలు, పొట్ట ఉబ్బి గుక్కపట్టి ఏడ్చేవాడు. నీళ్ళలాగా, పుల్లటి వాసనతో మళ్ళీ అయ్యేవి. డాక్టరు చెప్పింది నాకు సబబుగానే తోచింది. పేగు లోపలి పొర దెబ్బ తిన్నది, పాలచక్కెరని అరిగించే ఎంజైము ఆ పొర కొసల్లోనే ఉంటుంది, పొర మళ్ళీ పెరిగితే పాలు మళ్ళీ పడతాయి. అందాకా తల్లిపాలు ఇస్తూ, మెత్తటి అన్నం పెడుతూ, గేదెపాలు కొన్నాళ్ళు ఆపమన్నాడు.

ఆపమన్నదే మా వదినకి మింగుడు పడలేదు. కోడలికి పాలు చాలవని ఆవిడ దిగులు. పెరట్లో పాలిచ్చే గేదెని పెట్టుకుని, పసివాడికి గ్లాసుడు పాలు పట్టకుండా ఉండడం ఆవిడకి వాణ్ణి పస్తు పెట్టినట్టే ఉంది. వాడు నిజంగానే చిక్కిపోయాడు. ముంజేతి వెండి కడియం మోచేతి దాకా జారేది. అన్నయ్య కొడుకు ఊరుగాని ఊళ్ళో పనిలో ఉన్నాడు. కోడలు భంజనగర్ పిల్ల, నెమ్మదైన మనిషి, అత్తగారి మాటకి ఎదురు చెప్పదు. వాడి చెయ్యి పట్టుకుని కడియం మణికట్టు దగ్గరికి లాగి పెట్టుకుంటూ కూర్చునేది. ఆ ఇంట్లో అందరూ ఆ పిల్లవాడి పొట్టనే చూస్తూ బతుకుతున్నారు. నేనూ భయపడ్డాను. భయపడితే నేను గొంతు పెంచుతాను, అది నా జబ్బు.

అన్నయ్య కొట్లోకి సరుకు కోసం బరంపురం వచ్చినప్పుడు నా గదికి వచ్చి టీ తాగి వెళ్తాడు. అలా వచ్చిన రోజున మాటల్లో పడి ఫోనులో పళ్ళెం ఫొటో చూపించాను. మన కుండే ఇది, ఈ నీలం చుక్కలకి పాలచక్కెర అరిగించే శక్తి ఉందన్నాను. అతను కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అయితే మన కుండలోనే మందుందన్నమాట," అన్నాడు.

"మందు కాదన్నయ్యా. ఉందని సెప్తన్నాను, అంతే. పిల్లడికి పొయ్యమని సెప్పటం లేదు."

అతను తల ఊపాడు. మా అన్నయ్య తల ఊపితే దానికి అర్థం విన్నాడని కాదు, తనకి కావలసింది అప్పటికే వినేశాడని. ఇది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అందుకే అతను మెట్లు దిగుతుంటే పైనుంచి ఇంకోసారి అరిచి చెప్పాను. సరే, సరే అంటూ చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయాడు.

తరువాత నెలాఖరులో పరీక్ష పేపర్ల పని పడి రెండు ఆదివారాలు చికిటి వెళ్ళలేదు. మా ఎం.ఎస్సీ. అమ్మాయికి ఇంకొన్ని నమూనాలు కావాలంటే అన్నయ్యకి ఫోను చేశాను. మర్నాడే బస్సు కండక్టరు చేతికి సీసా ఇచ్చి పంపాడు. చికిటి నుంచి బరంపురానికి మాకు కూరలూ, మందులూ, పెళ్ళి పిలుపులూ అన్నీ అలాగే వస్తాయి. ఆకాశం ముసురు పట్టి ఉంది. సముద్రంలో అల్పపీడనం అంటున్నారు. గాలి లేదు, చెట్టు ఆకు కదలడం లేదు, లాబులో గోడలు చెమ్మగిల్లాయి. ఆ అమ్మాయి సీసా మూత తీసింది. నేను అలవాటు కొద్దీ ముక్కు పక్కకి తిప్పుకున్నాను. తీరా చూస్తే తిప్పుకోవలసినంత వాసనే లేదు.

మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేటప్పటికి ఆ అమ్మాయి పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది. పళ్ళెం మొత్తం నీలమే. చుక్క పక్కన చుక్క, తెల్లది వెతికినా లేదు. కిందటిసారి నాలుగు చుక్కలకి మురిసిపోయాం, ఈసారి చూడండి మేడమ్ అంది. నేను కుర్చీలో కూర్చుని పళ్ళేన్ని దగ్గరికి లాక్కున్నాను. కిందటిసారి రెండు రోజులు పట్టింది. ఇవి రాత్రికి రాత్రే పెరిగాయి. అప్పటివి ఆవగింజలో సగం ఉండేవి. ఇవి పెద్దవి, తడిగా, జిగురుగా ఒకదాని మీదికొకటి పాకాయి.

సీసాలో పులుపు ఎంతుందో చూడమన్నాను. కాగితం ముంచి చూస్తే పులుపు ఉందో లేదో అన్నట్టుంది. గాజుపలక మీద రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. కూరగాయలని పులియబెట్టే బాక్టీరియా ఊదారంగులో కనిపించాలి. నాకు కనిపించినవన్నీ గులాబీరంగులో ఉన్నాయి. పొట్టిగా, లెక్కలేనన్ని. మలంలోనూ మురుగులోనూ ఉండే జాతి అది. వాటికీ పాలచక్కెరని అరిగించే ఎంజైము ఉంటుంది, వాటికీ ఆ పని చేసే జన్యువు ఉంటుంది. తాగే నీళ్ళలో మురుగు కలిసిందా అని చూసేవాళ్ళు వెతికేది కూడా ఈ ఎంజైమునే. రంగుకి మంచీ చెడ్డా తెలియవు. పాలచక్కెరని విరగ్గొట్టే చెయ్యి ఎవరిదైనా అది నీలంగానే మారుతుంది.

అమ్మాయి నా వెనక నిలబడి ఏమైంది మేడమ్ అని అడుగుతోంది. నేను అన్నయ్యకి ఫోను చేశాను. కుండకి ఏం చేశారని అడిగాను.

"ఏటి సేస్తాం? దాయాది మైలొచ్చింది కదేటి. భంజనగర్‌లో మన దాయాది పెద్దాయన పోనాడు. పదకొండో రోజుకి ఇంట్లో మట్టికుండలన్నీ పారేసినాం. ఇది కొత్తది."

"తోడు ఉంచినారా?"

"మైల తోడు ఎలాగుంచుతాం?" అన్నాడు, నేనేదో అనరాని మాట అన్నట్టు. "కొత్త కుండైతే ఏటి, అదే మూల, అదే సెయ్యి."

మైలకి కుండలు మార్చడం మా ఇళ్ళలో కొత్త కాదు. చనిపోయినవాడు ఎంత దూరపు దాయాది అయినా, మొహం కూడా ఎరగకపోయినా, వంటింట్లో మట్టిపాత్ర ఉండకూడదు. ఇత్తడీ, ఇనుమూ తోముకుంటే చాలు. మట్టి మాత్రం మైలని పీల్చుకుంటుందంటారు. మా అమ్మ రోజుల్లో దాయాదులంటే నాలుగిళ్ళు, మైల ఎప్పుడో వచ్చేది. అప్పుడు కూడా కొత్త కుండ పెడితే పులుపు తిరిగేదాకా ఎవరూ ముట్టుకునేవారు కాదు, రుచికే ముట్టుకునేవారు కాదు. కొత్త కుండలో మొదటి రోజుల్లో నీళ్ళతో, మట్టితో, చేతులతో వచ్చినవన్నీ పెరుగుతాయి. పులుపు చేసేవి వెనకనుంచి నెమ్మదిగా వచ్చి, ఆ పులుపుతోనే మిగిలినవాటిని చంపేస్తాయి. అదంతా అయ్యేదాకా అది కాంజి కాదు, ఉప్పు వేసిన మురికినీళ్ళు. ఈసారి ఎవరూ ఆగలేదు. కుండ మందైపోయింది కదా, మందుకి ఆగడమెందుకు?

అడగవలసింది అప్పుడడిగాను. పిల్లవాడికి పోస్తున్నారా?

మొన్నటినుంచి వదిన పొద్దునా సాయంత్రం పాలలో కలిపి పడుతోందని చెప్పాడు. వాడు పాలు బాగా తాగుతున్నాడని, వాళ్ళ నానమ్మ మొహంలో మళ్ళీ కళ వచ్చిందని కూడా చెప్పాడు. ఆపించమని, ఇంకొక్క చుక్క కూడా పొయ్యొద్దని చెప్పాను. సరేలే అన్నాడు. ఆ సరేలే విన్నాక నాకు ఫోను మీద నమ్మకం పోయింది. లాబు తాళాలు ఆ అమ్మాయి చేతిలో పెట్టి పాత బస్టాండుకి పరిగెత్తాను.

బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది. వాన పడదు, ఎండ రాదు, పొలాల మీద బూడిదరంగు వెలుతురు. పక్కన కూర్చున్న ఆవిడ తుఫాను వస్తుందా అని ఒడియాలో అడిగింది. వస్తుందన్నాను. ఏ తుఫాను గురించి అడిగిందో కూడా నేను పట్టించుకోలేదు. మొన్నటినుంచి పొద్దునా సాయంత్రం అంటే ఎన్ని చెంచాలు, ఒక్కో చెంచాలో ఎన్ని వేల జీవులు అని లెక్క వేస్తున్నాను. లెక్క పూర్తి చెయ్యడానికి ధైర్యం చాలక మళ్ళీ మొదటికి వస్తున్నాను. బాక్టీరియాని చూసి నేనేనాడూ భయపడలేదు, వాటితో అన్నం తింటున్నదాన్ని. ఆ రోజు భయపడ్డాను. 

ఇంట్లో అడుగు పెట్టేటప్పటికి ఎవరూ కంగారు పడుతూ లేరు. అదే నాకు ఎక్కువ కంగారు పుట్టించింది. వదిన వంటింట్లో చేట ముందు కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేచి మంచినీళ్ళు తెచ్చింది. పిల్లవాడికి పొద్దుటినుంచి విరేచనాలు అవుతున్నాయని, అవుతున్నకొద్దీ మంచిదేనని తనే చెప్పింది.

"లోపల సెడంతా బయిటికి పోతంది. నువ్వే సెప్పినావు కదేటి, మన కుండలో పాలరిగించే పురుగులున్నాయని. అవి పని సేస్తన్నాయి."

నేను గదిలోకి వెళ్ళాను. కోడలు మంచం మీద వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేవలేదు. మామూలుగా లేస్తుంది.

"సిన్నత్తా, పిల్లడు ఏడవటం లేదు," అంది. "పొద్దుటినుంచీ ఏడవలేదు."

వాడి కళ్ళు లోతుకి పోయాయి. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే, వెంటనే సర్దుకోకుండా మడతపడి అలాగే నిలబడింది. పెదవులు తడి చేస్తే నాలుక కదిపాడు, అంతే. ఆ తరువాత నేను ఏమేమి అన్నానో నాకు పూర్తిగా గుర్తు లేదు. మా వదినని మాత్రం ఒక మనిషిని అనకూడని మాటలన్నీ అన్నాను. అన్నయ్య కొట్టు మూసుకుని వచ్చేలోగా పక్కింటివాళ్ళ వ్యాను మాట్లాడి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో పోస్తూ వాణ్ణి బరంపురం ఆసుపత్రికి తెచ్చాం. దారి పొడుగునా కోడలు ప్రతి కుదుపుకీ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. వేలు తీశాక నా మొహం చూసేది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒడియాలో అడిగింది ఒకటే, ఏం తాగించారు? వదిన నేల చూస్తూ నిలబడింది. అన్నయ్య నా వైపు చూశాడు. కుండ గురించి నేను చెప్పాను. ఆమె రాసుకుంటూ ఒక్కసారి తలెత్తి నన్ను చూసి, మళ్ళీ రాసుకుంది. చేతికి నరం దొరకలేదు, కాలికి సెలైన్ ఎక్కించారు. బయట తుఫాను గాలి మొదలై, కారిడారు కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే వాటిని మూసేవాళ్ళు లేరు. వాడు మొదటిసారి గొంతెత్తి ఏడ్చేటప్పటికి మర్నాడు మధ్యాహ్నమైంది. కోడలు అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు.

నాలుగైదు రోజుల్లో పిల్లవాడు తేరుకున్నాడు. కుండవల్లే అయిందా అని నేను డాక్టరుని పక్కకి తీసుకెళ్ళి అడిగాను. కావచ్చు, పాలసీసావల్ల కావచ్చు, వాననీళ్ళు కలిసిన బావివల్ల కావచ్చు, ఎలా చెప్పగలం అంది. నిజమే, ఎవరూ పరీక్ష చెయ్యలేదు. పక్కన నిలబడ్డ వదిన ఆ మాట మొత్తం వింది. కావచ్చు అన్నది ఆవిడకి కాదు అన్నట్టు వినిపించింది. ఆసుపత్రి నుంచి బయటికి వచ్చేటప్పుడు ఆవిడ నడకలో మళ్ళీ పాత ఠీవి కనిపించింది. నేను చూశాను, చూసి ఊరుకున్నాను. ఆ రోజు అంత అలసిపోయి ఉన్నాను.

తరువాత కొన్నాళ్ళు నేను చికిటి వెళ్ళలేదు. వదినని అన్న మాటలు ఇద్దరి మధ్యా ఉండిపోయాయి. కార్తీకంలో అన్నయ్య ఫోను చేసి, పిల్లవాడు పాలు తాగుతున్నాడు, ఒళ్ళు చేశాడు, వచ్చి చూసుకో అన్నాడు. పేగు పొర పెరిగింది కాబట్టి పాలు పడుతున్నాయి. మొదటి డాక్టరు చెప్పినట్టే జరిగింది. ఆదివారం వెళ్ళాను. వాడు నన్ను చూసి నవ్వి, పాకుతూ వచ్చి నా చీర కుచ్చెళ్ళు పట్టుకున్నాడు. వాణ్ణి ఎత్తుకుని పెరటి వైపు నడిచాను.

పెరటి గుమ్మంలో వెనకవీధి ఆడవాళ్ళు ఇద్దరు నిలబడి ఉన్నారు. లోపల మా వదిన ముంత ముంచి స్టీలు గ్లాసులో పోస్తోంది. వాళ్ళలో చిన్నదానికి ఇరవై ఏళ్ళుంటాయేమో, భుజం మీద నెలల పిల్ల. పాలు పడని పిల్లలకి ఇదివ్వమని మా వదిన ఊళ్ళో చెబుతోందట. మా మనవడు బతికింది దీనివల్లే అంటోందట. కోడలు వంటింటి గడప దగ్గర నిలబడి నాకు సైగ చేస్తోంది. మా కోడలికి నోరు లేదు గాని కళ్ళున్నాయి.

నేను మనవణ్ణి కోడలికి అందించి, వదినని ఒక్కటే అడిగాను. ఈ కుండ ఎప్పుడు పెట్టావు?

"మొన్నేనమ్మీ. మళ్ళీ దాయాదుల్లో ఒకాయన పోనాడు కదేటి," అంది వదిన. నాతో రాజీ పడుతున్నట్టు మెత్తగా చెప్పింది. "అయితే ఏటి, గుణం ఎక్కడికి పోతాది?"

నేను వెళ్ళి ఆ చిన్నదాని చేతిలో గ్లాసు లాక్కుని తులసికోట పక్కన పారబోశాను. వదిన మొహం నల్లబడింది. ఆ అమ్మాయికి మాత్రం కోపం రాలేదు. ఖాళీ చెయ్యి అలాగే చాచి, నన్ను ఎగాదిగా చూసి, చెప్పులు విప్పేసి దగ్గరికి వచ్చింది.

"ఈ కుండని పరీక్ష సేసి మంచిదని సెప్పింది మీరేనా అమ్మా?" అంది. "నిన్నటినుంచీ పడతన్నాను. పిల్ల నెమ్మదిగా పడుకుంటంది. ఏడుపే లేదు."

నేను ఆ పిల్లని భుజం మీంచి తీసుకుని, పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలాను. అది అలాగే నిలబడింది.